టేకు నేల మీద నీళ్లు

మా అవ్వ ఎముకలు మురమురాలైపోయాయని సూరత్ ఉధ్నాలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టి చెప్పినప్పుడు నాకు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. నాకు ముందొచ్చేది ఎప్పుడూ కోపమే. దుఃఖం దాని వెనకాల తీరిగ్గా వస్తుంది. "ఈసారి మణికట్టుతో పోయింది. ఇంకోసారి పడితే తుంటి విరుగుతుంది. ఈ వయసులో, ఈ ఊపిరితిత్తులతో, తుంటి ఆపరేషనంటే నేను ఏ మాటా ఇవ్వలేను" అన్నాడాయన. అవ్వ ముప్పై ఏళ్లు మరమగ్గాల కార్ఖానాల్లో కండెలు చుట్టింది. ఆ నూలు దుమ్ము ఆమె రొమ్ములో ఇంకా గురగురలాడుతూనే ఉండేది.

అవ్వ అంటే మా అమ్మే. మేం తెలంగాణ నుంచి వచ్చిన నేతవాళ్లం, మా వైపు తల్లిని అలాగే పిలుస్తాం. నాన్న బాపు. బాపు సూరత్‌లో నలభై ఏళ్లు మగ్గాలు నడిపాడు. ఆ చప్పుడుకు రెండు చెవులూ పోయాయి. చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అరిస్తే వినిపిస్తుంది, లేకపోతే లేదు. వడోద్‌లో ఒక్క గదిలో ముగ్గురం బతికిన ఇరవై ఏళ్ల తర్వాత, ఉధ్నా దాటాక మొదటి అంతస్తులో రెండు గదుల ఫ్లాటు కొన్నాను. నాకు చీరల ఎంబ్రాయిడరీ డిజైన్లు కంప్యూటరు మీద వేసే ఉద్యోగం ఉంది. పెళ్లయింది కానీ నిలవలేదు, ఆ సంగతి ఇక్కడ అనవసరం.

అవ్వ పడింది ఆ ఫ్లాట్లోనే. మొహం కనిపించేంత నున్నగా ఉండే తెల్ల టైల్సు మీద. బిల్డరు గరుకు టైల్సు వేస్తానంటే, ఒద్దు, మెరిసేవే కావాలని పోట్లాడి మరీ వేయించుకున్నది నేనే. వానాకాలం ఆ టైల్సుకు చెమట పడుతుంది. జులైలో ఒక పొద్దున అవ్వ స్నానం చేసి తడికాళ్లతో వస్తూ దబ్బున కూలబడింది. ఇంటికి తీసుకొచ్చాక నేను మొదట అన్న మాట ఏమిటో తెలుసా? "కాళ్లు తుడ్సుకోని రమ్మని ఎన్నిసార్లు చెప్పాలె నీకు?" కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని ఆమె తలొంచుకుంది. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

కట్టె నేల ఆలోచన మా సేటు ఆఫీసులో పుట్టింది. ఆయన కొత్తగా వేయించిన చెక్క నేల మీదికి చెప్పులు విడిచి వెళ్లాలి. నా అరికాలు దాని మీద పడగానే ఆగిపోయాను. జారడం లేదు. చల్లగా లేదు. అడుగు వేస్తే కాలిని పట్టుకుంటున్నట్టుంది. ఆ రోజు డిజైను గురించి సేటు ఏం చెప్పాడో నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. ఇది మా ఇంట్లో ఉంటే అవ్వ పడదు, అదొక్కటే బుర్రలో తిరిగింది.

ఇంట్లో చెబితే బాపు ఎగిరిపడ్డాడు. "నేల మీద కట్టెనా? ఏందే గిది? చెదలు పడ్తే?" అన్నాడు. చెవిటివాడు కదా, తన గొంతు తనకు వినపడక ఇంకా గట్టిగా అరుస్తాడు. ఎదురింటి గుజరాతీ ఆవిడ కూడా తలుపులోంచి తొంగిచూసి, రబ్బరు చాపలు పరిస్తే చాలదా బేన్ అంది. చాలేదే. ఇప్పుడు నాకు తెలుసు, రబ్బరు చాపలు బ్రహ్మాండంగా సరిపోయేవి. కానీ నేను ఒకటి అనుకున్నాక ఎవరైనా వద్దంటే నాకు మంకుపట్టు ఇంకా పెరుగుతుంది. "మా అవ్వ చాపల మీద బతకాల్నా?" అని ఆవిడ మొహం మీదే తలుపేశాను.

షోరూములు తిరిగాను. లామినేటని చూపించారు. పొట్టు అదిమిన అట్ట మీద చెక్క ఫొటో అతికించినట్టుండే సరుకు. ఒక ముక్క ఇంటికి తెస్తే బాపు దాన్ని అరచేత్తో ఒకసారి తడిమి "ఇది కాయితం" అని పక్కన పడేశాడు. బాపు ఏదైనా అరచేత్తోనే చూస్తాడు. బట్ట నాణ్యం, పోగు బిగువు, మగ్గం బేరింగు పోయిందా లేదా అన్నది, అన్నీ ఆ చెయ్యే చెప్పేది. చెవులు పోయాక ఆ చెయ్యి మరీ పదునెక్కింది.

మాకు తెలిసిన వడ్రంగి మిస్త్రీ ఒకాయన ఉన్నాడు. మార్వాడ్ మనిషి, యాభై దాటాయి, మాట తక్కువ. బార్డోలీలో పాత మేడ ఒకటి పడగొడుతున్నారని, దాని పై అంతస్తు నేలంతా పాత టేకేనని ఆయనే చెప్పాడు. కొత్త కట్టెకంటే అది నయం, ఎన్నో ఎండలు, ఎన్నో వానలు చూసేసింది కాబట్టి ఎక్కువ ఆడదు అన్నాడు. ఒక ఆదివారం బస్సులో ముగ్గురం వెళ్లాం, బాపు, నేను, మిస్త్రీ.

ఆ రోజు బాపును చూడాలి! మగ్గం మానేశాక ఆరేళ్లుగా కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, వచ్చేపోయే రైళ్లను చూడటం తప్ప ఆయనకు పని లేదు. అక్కడ కూలిన గోడల మధ్య గుట్టగా పడి ఉన్న పలకల్ని ఒక్కొక్కటే లాగి, మట్టి తుడిచి, అరచెయ్యి ఆ చివర నుంచి ఈ చివరకు నడిపించాడు. కొన్నిటిని వాసన చూశాడు. నచ్చినదాని మీద సుద్దతో గీత గీశాడు. కాకా కట్టె కొంటున్నాడా, చీర కొంటున్నాడా అని అమ్మేవాడు నవ్వాడు. మిస్త్రీ మాత్రం నవ్వలేదు. బాపు పక్కన పెట్టిన పలకల్ని వెనక్కి తిప్పి చూసి, "చాచాజీ వద్దన్నవాటికి అన్నిటికీ లోపల పగులుంది" అన్నాడు నాతో. నేను ఆ మాట బాపు చెవిలో అరిచాను. ఆయన మొహం విప్పారింది. చాలా ఏళ్ల తర్వాత ఎవరో ఆయన పనితనాన్ని మెచ్చుకున్నారు.

పలకలు ఇంటికొచ్చాక వెంటనే వేయడం కుదరదన్నాడు మిస్త్రీ. మధ్యలో పుల్లలు పెట్టి, గాలి ఆడేలా పేర్చి, పదిహేను రోజులు వదిలేశాడు. కట్టెకు మీ ఇంటి గాలి అలవాటు కావాలి అన్నాడు. ఆ పదిహేను రోజులూ మేం గోడవారన ఒదిగి నడిచాం. ఇల్లంతా పాత టేకు వాసన. అవ్వ ఆ వాసన పీల్చి, "మా తాతింట్ల అటుక మీద గిట్లనే ఉంటుండె బిడ్డా" అని మురిసిపోయింది. బాపు రోజూ ఆ దొంతుల చుట్టూ తిరిగి, చెయ్యేసి చూసి, మళ్లీ కుర్చీలో కూర్చునేవాడు.

దసరా పోయాక పని మొదలైంది. టైల్సు మీద ప్లాస్టిక్ షీటు, దాని మీద ప్లైవుడ్డు, దాని మీద పలకలు. నాలుగు గోడల వెంటా వేలెడు జాగా వదిలాడు మిస్త్రీ. ఎందుకంటే కట్టె ఉబ్బుతుంది, కదలడానికి దానికి చోటుండాలట. మొదటి పలక దించేముందు అవ్వ ఆయన్ను ఆపి, దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. ఆయన సుత్తి పట్టుకుని ఓపిగ్గా నిలబడ్డాడు. బాపు ఊరుకుంటాడా? మగ్గం మీదికి కొత్త పడుగు, అంటే నిలువు పోగులు, ఎక్కించిన రోజు కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు పోగుల మీద చిలకరించడం మావాళ్ల అలవాటు. సూరత్‌లో సేట్లు నవ్వినా ఆయన అది మానలేదు. ఇక్కడా కాయ కొట్టి, పలక మీద ఈ చివర నుంచి ఆ చివరదాకా నీళ్లు చిలకరించాడు. మిస్త్రీ భుజం మీది తువ్వాలు తీసి గబగబా తుడిచేశాడు.

"ఇదే దీని మీద పడే ఆఖరి నీళ్లు కావాలి. చాచాజీకి బాగా అర్థమయ్యేలా చెప్పండి బెహన్‌జీ" అన్నాడు నాతో హిందీలో. తర్వాత నాలుగు సంగతులు చెప్పాడు. తడిబట్ట పెట్టకూడదు, నీళ్లు ఒలికితే వెంటనే పొడిబట్టతో తుడవాలి. చలికాలం గాలి ఎండితే పలకల మధ్య సందులు పడతాయి, భయపడొద్దు. వానలొస్తే అవే మూసుకుంటాయి. ఏడాదికి రెండుసార్లు నూనె పట్టించాలి, అంతే.

నేను అప్పుడే ఆఫీసుకు ఆలస్యమై ఉన్నాను. ఫోను మోగుతోంది. తడిబట్ట పెట్టొద్దని అవ్వకు చెప్పాను. బాపుకు ఈ నాలుగూ వినిపించాలంటే పావుగంట అరవాలి. అంత ఓపిక నాకు లేదు. ఆయనకు చప్పున ఎక్కేలా ఒక్క ముక్కలో చెప్పేద్దామని చెవి దగ్గర వంగి అరిచాను. "ఇది పడుగు లెక్కనే బాపూ! ఎండితే పాడైతది. జర పైలంగ చూసుకో!" బాపు తలూపాడు. ఎంత బాగా అర్థమైందో అన్నట్టు రెండోసారి కూడా ఊపాడు. నా తెలివికి నేనే మురిసిపోతూ చెప్పులేసుకుని వెళ్లిపోయాను.

నేల పూర్తయింది. చిత్రిక పట్టి, నూనె రాసి, దీపావళికి రెండు రోజుల ముందు మిస్త్రీ తన పెట్టె సర్దుకున్నాడు. తేనె రంగులో ఇల్లు వెలిగిపోయింది. అవ్వ మొదటి రోజు గోడ పట్టుకుని నడిచింది. రెండో రోజు గోడ వదిలేసింది. వారం తిరిగేసరికి పొయ్యి దగ్గర నుంచి నా మంచం దాకా గ్లాసులో చాయ్ ఒలక్కుండా తెచ్చి ఇచ్చి, "సూడు, జారుతలే" అంది. నేను చాయ్ తాగుతూ గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను. తలుపేసి పంపిన ఎదురింటావిడ కూడా వచ్చి, కాలితో తట్టి చూసి, బాగుంది బేన్ అని ఒప్పుకుంది. ఆ రెండు నెలలూ మా ఇంట్లో అందరం నవ్వుతూనే ఉన్నాం. నిజంగానే ఉన్నాం. అది కూడా చెప్పాలి కదా.

జనవరిలో గాలి ఎండింది. మిస్త్రీ చెప్పినట్టే పలకల మధ్య గోరు దూరేంత సందులు పడ్డాయి. బాపుకు మనసు నిలవలేదు. సాయంత్రం నేను గడపలో అడుగు పెట్టగానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించేవాడు. "ఇచ్చుకపోతున్నది బిడ్డా. ఎండిపోతున్నది. నువ్వన్నట్టే అయితున్నది." నేను ఫోను చూసుకుంటూ, ఏం కాదన్నట్టు చెయ్యి ఊపేదాన్ని. అలా అయిదారు సార్లు ఊపి ఉంటాను. ఏడోసారి ఆయన నన్ను పిలవలేదు. హమ్మయ్య, మరిచిపోయాడు అనుకున్నాను.

మగ్గాల కార్ఖానా చూడనివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. గాలి ఎండితే పోగు ఊరికే తెగుతుంది. అందుకని మా ఊళ్లో నూలు నేసే రోజుల నుంచీ మగ్గం చుట్టూ నేల మీద నీళ్లు చల్లుతారు. సూరత్‌లో పాలిస్టర్‌కు వేరే తంటా, పొడిగాలికి పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి. మందు ఒకటే, నీళ్లు చల్లడం. బాపు నలభై ఏళ్లపాటు షిఫ్టు ఎక్కగానే చేసిన మొదటి పని, చెంబులో నీళ్లు తీసుకుని మునివేళ్లతో సన్నగా, సమంగా చల్లడం. ఎక్కడా మడుగు కట్టకూడదు, ఎక్కడా పొడి వదలకూడదు. ఆయన చల్లినంత బాగా ఇంకెవరూ చల్లరని కార్ఖానాలో పేరుండేదట. ఇవన్నీ నేను చిన్నప్పటి నుంచి విన్నవే, కళ్లారా చూసినవే. ఆ జనవరిలో మాత్రం నాకు ఒక్కటీ తట్టలేదు.

ఫిబ్రవరి మధ్యలో పలకలు లేచాయి. వంటింటి గడప నుంచి హాలు మధ్యదాకా పలకల అంచులు పైకి తిరిగి, ఒక్కొక్కటీ దొన్నెలా వంగిపోయింది. రెండు మూడు చోట్ల మేకు ఊడి, అంచు వేలెడెత్తున నిలబడింది. అవ్వ అడుగు అడుగుకూ కిందికి చూసుకుంటూ నడవసాగింది. నాకు కోపం నషాళానికంటింది. మిస్త్రీకి ఫోను చేసి, పచ్చికట్టె అంటగట్టావు, దగా చేశావు, ఇప్పుడే రా అని అరిచాను.

ఆయన ఆ సాయంత్రమే వచ్చాడు. తేమ కొలిచే చిన్న మిషను తీసి పలకల మీద అక్కడక్కడా పెట్టి చూశాడు. పొడి గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి చూశాడు. ఆ తర్వాత నెమ్మదిగా అన్నాడు. "బెహన్‌జీ, కట్టెది తప్పు కాదు. ఎవరో రోజూ నీళ్లు పోస్తున్నారు."

ఒంటికాలి మీద లేచాను. "మా ఇంట్లో ఎవరికీ పిచ్చి పట్టలేదు నీళ్లు పోయడానికి! పని రాకపోతే రాదని చెప్పు. మా అవ్వ పడాలని చూస్తున్నావా?" ఇంకా ఏవేవో అన్నాను. ఆయన వయసు చూడలేదు, అంత దూరం బార్డోలీ వచ్చి మాకోసం నిలబడిన రోజు చూడలేదు. అవ్వ వంటింటి గడపలో నిలబడి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. ఆమె మొహం పాలిపోయింది. నా అరుపులకే అనుకున్నాను. బాపు కుర్చీలో కూర్చుని, ఏమీ వినపడక, ఇద్దరినీ చూసి నవ్వుతున్నాడు.

మిస్త్రీ లేచిన పలకల దగ్గర వంగాడు. "సరే, నాదే తప్పనుకోండి. లేచిన ఈ నాలుగు పలకలైనా ఇప్పుడే ఊడదీసి పోతాను. అమ్మగారు నడిచే దారి ఇది" అన్నాడు. నేను ఊడదీయనివ్వలేదు. మొత్తం నేల కొత్తగా వేసిస్తావా లేదా, ముందు అది తేల్చు, అప్పటిదాకా ఒక్క పలక ముట్టుకోవద్దు అన్నాను. ఆయన పెట్టె మూసుకుని, బాపుకు దండం పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఇది జరిగిన తొమ్మిదో రోజు ఎదురింటావిడ ఆఫీసుకు ఫోను చేసింది.

నేను వెళ్లేసరికి అవ్వను హాలు మధ్యలో దిండు మీద తల పెట్టి పడుకోబెట్టారు. ఎడమ కాలు పక్కకు తిరిగిపోయి ఉంది. మధ్యాహ్నం రెండున్నరప్పుడు కేక విని ఎదురింటావిడ పరిగెత్తుకొచ్చిందట. లోపలి గదిలో బాపు నిద్రపోతున్నాడు. అవ్వ ఎంత పిలిచినా ఆయనకు వినపడలేదు. నేను ఆయన్ను లేపి చూపించినప్పుడు, ఆయన చేతులు గాలిలో ఆడాయి. అంబులెన్సులోకి ఎత్తేటప్పుడు అవ్వ కుడిచేతి పిడికిలిలో పాత చీర ముక్క ఒకటి ఉంది. తడిగా ఉంది. నేనే ఆ వేళ్లు విప్పి దాన్ని తీసి పక్కన పడేశాను.

తుంటి విరిగింది. ఆపరేషను చేశారు. రెండో రోజు ఆమెకు తెలివొచ్చాక పక్కన కూర్చుని, నేను మిస్త్రీని తిడుతున్నాను. వాడి సంగతి చూస్తాను, వాణ్ని వదలను, అంటున్నాను. అవ్వ మాట్లాడటానికి చాలాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"ఆయన్నేమనకు బిడ్డా. ఆయన చెప్పింది నిజమే. నీళ్లు మీ బాపే చల్లిండు."

"ఎప్పుడు? ఎందుకు?" అన్నాను.

"రోజూ నువ్వు ఆఫీసుకు పోయినంక పగటియాల్ల చెంబుతోని నీళ్లు తెచ్చి చల్లుతడు. మగ్గం కాడ చల్లినట్టే, మంచిగ, సమంగ. ఒద్దయ్యా, తడి తగలొద్దన్నరు అని సైగ చేసిన. వినలే. 'బిడ్డనే చెప్పింది, పడుగు లెక్కనే అన్నది, ఎండితే పాడైతది అన్నది' అన్నడు. గా ముసలాయనకు ఆరేండ్లకు ఒక పని దొరికె. మొఖం చూడాలె, ఎట్ల ఎలుగుతుండెనో. చెంబు దాస్తే గిలాసతోని చల్లిండు. నేనేం చెయ్యాలె? ఆయన చల్లి పండుకున్నంక నేను ఎనుకనే పొడిబట్ట వెట్టి తుడుస్తుంటి. ఆ దినం గా లేసిన అంచు కాలికి తట్టింది."

"నాకెందుకు చెప్పలేదవ్వా?" అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. సెలైను సీసావైపు చూస్తూ చెప్పింది. "చెప్దామనే అనుకున్న. గా మిస్త్రీ మీద నువ్వు లేసిన తీరు చూసినంక ధైర్యం చాలలే. మీ బాపు మీద గట్ల లేస్తే ఆయన బతుకుతడా? ఆయనకు ఎన్నడు చెప్పకు బిడ్డా. నీళ్లతోనే గిట్లయిందని చెప్పకు. నా మీద ఒట్టు."

ఒట్టు వేశాను. నాలుగో రోజు ఆమె ఊపిరితిత్తుల్లోకి నిమ్ము చేరింది. ఆరో రోజు పొద్దున పోయింది.

నా మొగుడు వదిలేసినప్పుడు కూడా నేను అలా ఏడవలేదు. నా నోటికి భయపడి మా అవ్వ, విరగబోయే ఎముకలతో వంగి, ఆ నేలను రోజూ తుడిచింది. డాక్టరుదో, టైల్సుదో, మిస్త్రీదో, బాపుదో తప్పు అయితే తిట్టడానికి నాకు ఒక మనిషి దొరికేవాడు. ఈసారి నాకు ఎవరూ దొరకలేదు.

దినాలు అయిపోయాక మిస్త్రీకి ఫోను చేశాను. నీళ్లు మావాళ్లే పోశారు, నన్ను క్షమించు భయ్యా అన్నాను. "చాచాజీ కదా" అన్నాడాయన. వచ్చి ఆ లేచిన పలకలు తీసెయ్యమన్నాను. మర్నాడు పొద్దున్నే పెట్టె తీసుకుని వచ్చాడు.

లేచిన పలకల్ని ఒక్కొక్కటిగా మేకులు లాగి తీస్తున్నాడు. బాపు కుర్చీలోంచి లేచి వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. అవ్వ పోయినప్పటి నుంచి ఆయన నాతో నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు. అప్పుడు మాత్రం అన్నాడు. "నేను జర తక్కువ చల్లిన్నేమో బిడ్డా. ఇంకింత చల్లితే ఎండకపోవు. మీ అవ్వ పడకపోవు." ఆ మాట ఎంత మామూలుగా అన్నాడో! చెయ్యి ఆయన భుజం మీద వేయబోయాను.

అప్పటికే ఆయన ఊడదీసిన పలక ఒకటి తిరగేశాడు. కింది వైపు నల్లబడి ఉంది. బాపు దాని మీద అరచెయ్యి పెట్టాడు. బార్డోలీలో పెట్టినట్టే, ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా నడిపించాడు. మధ్యలో చెయ్యి ఆగింది. వేలి కొసలు దగ్గరకు తెచ్చుకుని చూసుకున్నాడు. రెండో పలక తిరగేశాడు. మూడోది తిరగేశాడు. మిస్త్రీ సుత్తి ఆపేశాడు.

"ఇది ఎండినట్టు లేదే" అన్నాడు బాపు.

నా వైపు చూశాడు. అంత సూటిగా ఆయన నన్ను చూసిన గుర్తు నాకు లేదు. నేను వంగి ఆయన చెవిలో అరిచాను. "వంటింట్ల పైపు లీకయింది బాపూ! గోడ లోపల! మాకెవ్వలకూ తెల్వలే!" ఆయన తల తిప్పి మిస్త్రీని చూశాడు. నేను దగాకోరు అని తిట్టి పంపిన మనిషి, మా ఇంట్లో నీళ్లు పడుతున్నాయని చెప్పినందుకు నా చేత నానా మాటలూ పడిన మనిషి, గోడవైపు వేలు చూపించి గట్టిగా తలూపాడు. "పైప్, చాచాజీ, పైప్" అన్నాడు.

బాపు సరేనన్నట్టు తలూపాడు. ఒక్కసారే ఊపాడు. పలకను బోర్లా పెట్టి, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, కుర్చీలోకి వెళ్లి కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం నేను ఆఫీసుకు వెళ్లలేదు. రెండయింది, మూడయింది. ఆయన లేవలేదు. సాయంత్రం నీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లాను. చెంబు తుడిచి, అలమర పై అరలో, చెయ్యి అందనంత లోపలికి బోర్లించి ఉంది. అది నేను పెట్టింది కాదు.

ఊడదీసిన చోట మిస్త్రీ మిగిలిన టేకు పలకలు వేసి వెళ్లాడు. రెండు చలికాలాలు గడిచాయి. జనవరి రాగానే సందులు పడతాయి, వానలకు మూసుకుంటాయి. బాపు ఆ హాల్లో గోడ పట్టుకుని నడుస్తాడు. నీళ్లు చల్లొద్దని నేను ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు.